గోడ బీరువా లేని ఇంట్లో బట్టలు: ఇనప బీరువా కొనాలా, గూటికి తలుపులు పెట్టించాలా, ప్లైవుడ్ చేయించాలా?

ఇల్లు అద్దెకి చూసేటప్పుడు నీళ్లు వస్తాయా, కరెంటు మీటరు విడిగా ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అన్నీ అడుగుతాం, బట్టలు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం అడగం. సామాను దిగాక చూస్తే బెడ్‌రూంలో నాలుగు గోడలు, పైన ఒక సజ్జ, మహా అయితే ఆ సజ్జ కింద తలుపుల్లేని గూడు, అందులో మూడో నాలుగో కడప బండ అరలు. పాత ఇళ్లలో అదీ ఉండదు, తలుపు వెనక ఒక మేకుల చెక్క ఉంటుంది, అంతే. ఇక అక్కడినుంచి ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. బీరువాల షాపువాడు బీరువా అంటాడు, వడ్రంగి ప్లైవుడ్ అంటాడు, అల్యూమినియం పనివాడు తలుపులు చాలంటాడు, ఆన్‌లైన్‌లో అయితే పైపులకి బట్ట కవరు తొడిగిన దాన్ని చూపించి ఇదే చాలు అంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. అద్దె ఇల్లయితే ఇనప బీరువా ఒకటి, దానికి తోడు హ్యాంగర్లకి ఒక రాడ్డు. సొంతిల్లయి గూడు ఉంటే ఆ గూటికే తలుపులు పెట్టించండి, కొత్తగా పెట్టె కట్టించొద్దు. సొంతిల్లు, గూడు లేదు, గోడ పొడిగా ఉంది, ఇప్పట్లో కదిలేది లేదు అనుకుంటేనే ప్లైవుడ్ జోలికి వెళ్లండి. బట్ట కవరు బీరువా హాస్టల్ పిల్లలకీ, ఏడాదిలో ఊరు మారేవాళ్లకీ తప్ప ఎవరికీ వద్దు.

ముందు బట్టలు కొలవండి

చాలామంది గోడ కొలిచి మొదలుపెడతారు. గోడ ఎంత ఉంటే అంత బీరువా కట్టించేస్తారు, తీరా లోపల సగం గాలి. బట్టలన్నీ మంచం మీద పోసి మూడు కుప్పలు చేయండి. రోజూ వాడేవి ఒకటి, హ్యాంగర్‌కి తప్పనిసరిగా వేలాడదీయాల్సినవి ఒకటి, ఏడాదికి ఒకటీ రెండుసార్లు మాత్రమే బయటికి తీసేవి ఒకటి. ఈ మూడో కుప్ప మన ఇళ్లలో ఎప్పుడూ పెద్దదే. పట్టుచీరలు, పెళ్లికి కుట్టించిన సూటు, పట్టుపంచెలు, స్వెటర్లు, శాలువాలు, ఎవరో పెట్టిన జాకెట్టు ముక్కలు. దీన్ని చేతికందే చోట పెట్టాల్సిన అవసరమే లేదు, ఆ సంగతి తర్వాత చూద్దాం.

హ్యాంగర్ కుప్పకి కొలతలు కావాలి. మామూలు చొక్కా హ్యాంగర్ వెడల్పు 17 అంగుళాలు ఉంటుంది, దానికి చొక్కా తొడిగాక భుజాలు ఇంకాస్త బయటికి వస్తాయి, కాబట్టి తలుపు ఆనకుండా వేలాడాలంటే లోపలి లోతు 21, 22 అంగుళాలు ఉండాలి. చొక్కాలకి నిలువు 40 అంగుళాలు చాలు. మధ్యకి మడిచిన ప్యాంటుకి 30 సరిపోతుంది. చీర పొడవుని నాలుగు మడతలు వేసి హ్యాంగర్ మీదుగా వేస్తే అదీ 30 అంగుళాల్లోపే. పొడుగు డ్రెస్సులు, అనార్కలీలు అయితే 56 నుంచి 60 దాకా కావాలి. అంటే ఏడడుగుల ఎత్తు దొరికితే చొక్కాల మనిషికి పైనొకటి కిందొకటి రెండు రాడ్లు పడతాయి, అదే స్థలంలో రెట్టింపు బట్టలు. ఇది వడ్రంగికి మీరే చెప్పాలి, చెప్పకపోతే పైన ఒక్క రాడ్డు పెట్టి కింద మూడడుగులు ఖాళీగా వదిలేస్తాడు.

మడతపెట్టేవాటి దగ్గర తప్పేదెక్కడో చెప్తాను. అరకీ అరకీ మధ్య 15, 18 అంగుళాలు వదలడం మనవాళ్లకి అలవాటు. అంత ఎత్తు ఉంటే చీరల దొంతర పద్నాలుగూ పదిహేనూ దాకా పేరుస్తాం, కిందినుంచి ఆరోది లాగితే మొత్తం ముందుకు జారుతుంది, పండగ రోజు పొద్దున్నే ఇదే గొడవ. అర ఎత్తు 10 నుంచి 12 అంగుళాలు పెట్టించండి. దొంతరలు పొట్టిగా ఉంటాయి, ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. ఒక అర ఎక్కువ పెడితే అయ్యే ఖర్చు కూడా ఏమంత కాదు.

గోడ సంగతి

బీరువా ఏదైనా సరే, దాన్ని పాడుచేసేది ఎక్కువగా వెనక గోడే. బాత్‌రూంతో కలిసిన గోడ, వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడ, పైన నీళ్ల ట్యాంకు ఉన్న మూల, ఈ మూడు చోట్లా బట్టలు పెట్టకపోతే సగం సమస్యలు రావు. అనుమానంగా ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. గోడ మీద అడుగు చదరం ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు చెమట పట్టిందంటే గోడలో చెమ్మ ఉన్నట్టే. ఇది వానాకాలంలో చేయాలి, మే నెలలో చేస్తే ఏ గోడైనా పాసైపోతుంది.

వాస్తు పట్టింపు ఉన్న ఇళ్లలో బీరువా నైరుతి మూలన, తలుపులు ఉత్తరం వైపు తెరుచుకునేలా పెట్టమంటారు. నాకు దానితో పేచీ లేదు, కానీ ఆ నైరుతి మూల గోడ అవతలే బాత్‌రూం ఉన్న ఇళ్లూ ఉన్నాయి. అలాంటప్పుడు నగలూ డబ్బూ ఉన్న ఇనప బీరువాని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా అక్కడ పెట్టి బట్టల్ని వేరే గోడకి మార్చండి. ఇంట్లో పెద్దవాళ్లకీ మాట దక్కుతుంది, చీరలకీ బూజు పట్టదు.

గూడు ఉంటే అదే బంగారం

మన ఊళ్లలో ఇళ్లు కట్టేటప్పుడు సజ్జ కింద ఒకటిన్నర నుంచి రెండడుగుల లోతు గూడు వదిలి, అందులో కడప బండలు అరలుగా పెట్టేయడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. చూడ్డానికి వంటింటి అరల్లా ఉంటాయని చాలామందికి నచ్చదు, ముందు ప్లైవుడ్‌తో కప్పేసి లోపల మళ్లీ ప్లైవుడ్ అరలు కట్టిస్తారు. ఎందుకో నాకు అర్థం కాదు. కడప బండకి చెదలు పట్టవు, నీళ్లకి ఉబ్బదు, ఎంత బరువు పెట్టినా వంగదు. మీరు డబ్బు పెట్టాల్సింది మూడింటికే: తలుపులు, ఒక రాడ్డు, లోపలి రంగు.

రంగు ముందు. గూటి లోపల సాధారణంగా సున్నమో చవక డిస్టెంపరో కొట్టి వదిలేస్తారు, అది నల్ల ప్యాంట్ల మీద తెల్లగా అంటుకుంటుంది. గీకించి, ప్రైమర్ కొట్టి, ఆయిల్ పెయింట్ వేయించండి, చేత్తో రుద్దితే రాకూడదు. బండ అంచులు గరుకుగా ఉంటే షిఫాన్, జార్జెట్ పోగులు లేస్తాయి. ఒకసారి వేలితో అంచు పొడవునా తడిమి చూడండి, గీసుకుంటున్న చోట సానరాయి పట్టిస్తే పోతుంది. అర మీద పాత దుప్పటి ముక్కో మందపాటి కాగితమో పరవండి. వార్తాపత్రిక మాత్రం తెల్ల బట్టల కింద వద్దు, సిరా అంటుతుంది.

రాడ్డు దగ్గర కొంచెం ఆలోచించాలి. బండ అరలు అడుగున్నర ఎడంలో ఉంటే హ్యాంగర్లు వేలాడవు. ఒక పక్క అరల్ని ఉంచి ఇంకో పక్క ఒకటో రెండో బండలు తీయిస్తే చోటొస్తుంది. గోడలో చెక్కి కూర్చోబెట్టిన బండని సుత్తితో కొట్టి తీస్తే పక్క ప్లాస్టరంతా ఊడి వస్తుంది, కట్టర్ మిషన్‌తో కోయించాలి. పైన ఉన్న సజ్జని మాత్రం ముట్టుకోనివ్వద్దు, ఏ బండ తీయొచ్చో తాపీమేస్త్రి వచ్చి చూశాకే పని మొదలుపెట్టండి. గూడు లోతు 21 అంగుళాలు ఉంటే రాడ్డు అడ్డంగా, గోడనుంచి గోడకి. పద్నాలుగూ పదిహేనే ఉంటే అడ్డ రాడ్డు పనికిరాదు, హ్యాంగర్ వంకరగా తిరిగి తలుపుకి గుద్దుకుంటుంది. అలాంటి చోట ముందుకి లాగే చిన్న రాడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, దాన్ని పై బండకి బిగిస్తే బట్టలు మన వైపు ముఖం పెట్టి ఒకదాని వెనక ఒకటి వేలాడతాయి. పదో పన్నెండో పడతాయి, అంతే, కానీ ఆఫీసు చొక్కాలకి అది చాలు.

తలుపుల్లో నాలుగు రకాలు. కర్టెన్ అన్నిటికన్నా చవక, గాలి ఆడుతుంది, అద్దె ఇంట్లో కూడా కట్టుకోవచ్చు, కానీ దుమ్ము ఆపలేదు, రోడ్డు పక్క ఇల్లయితే నెలకోసారి అరలన్నీ తుడవాల్సిందే. పీవీసీ తలుపులకి చెదలు, నీళ్ల భయం లేదు, తేలిక, ఖర్చు తక్కువ. అయితే ఆ బోర్డుకి మేకు పట్టు తక్కువ, పిల్లలు రెక్క పట్టుకుని ఊగితే కబ్జా దగ్గర స్క్రూలు ఊడివస్తాయి, ఎండ నేరుగా పడే గోడైతే కొన్నాళ్లకి పసుపు తిరుగుతుంది. అల్యూమినియం ఫ్రేములో షీటు బిగించినవి గట్టివే, చప్పుడు ఎక్కువ, బెడ్‌రూంలో ఆఫీసు లుక్కు వస్తుంది. నాలుగోది చెక్క ఫ్రేముకి ప్లైవుడ్ తలుపులు, చూడ్డానికి అన్నిటికన్నా బాగుంటాయి, ఖరీదూ అంతే. నేనైతే పొడి గోడకి ప్లైవుడ్ తలుపు, చెమ్మ అనుమానం ఉన్న గోడకి పీవీసీ అంటాను. ఏది పెట్టినా తలుపుకి పైనా కిందా వేలు దూరేంత సందో, చిన్న చిల్లుల జాలీయో ఉంచండి. గాలి ఆడని గూట్లో వానాకాలం వాసన ఆషాఢంలో మొదలై దీపావళి దాకా పోదు.

ఒక జాగ్రత్త. పాత గూళ్లు సరిగ్గా చతురస్రంగా ఉండవు, పైన నాలుగడుగులుంటే కింద అంగుళం తక్కువ ఉంటుంది. తలుపులు చేసేవాడు ఒక్కచోట కొలిచి వెళ్లిపోతే బిగించే రోజు గొడవే. పైన, మధ్య, కింద మూడు చోట్లా కొలవమనండి, రసమట్టం పెట్టి చూడమనండి.

ఇనప బీరువా

పాతకాలం వస్తువని మొహం చిట్లించేవాళ్లున్నారు. అద్దె ఇళ్లు మారేవాళ్లకి దీన్ని మించింది నాకింతవరకు కనపడలేదు. గోడకి మేకు కొట్టక్కర్లేదు, ఓనర్‌తో మాట పడక్కర్లేదు, తాళం ఉంటుంది, ఎలుక దూరదు, చెదలు తినవు, ఇల్లు మారితే మనతో వస్తుంది, అమ్మినా ఎంతో కొంత వస్తుంది.

మామూలు రెండు తలుపుల బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. ఆ లోతులో హ్యాంగర్లు ఒరుసుకుంటూ పడతాయి, కాబట్టి దీన్ని మడత బట్టలకీ చీరలకీ పెట్టుకుని, వేలాడదీసేవాటికి వేరే దారి చూసుకోవడం మేలు. కొనేటప్పుడు రంగూ అద్దమూ చూసి మోసపోవద్దు, రేకు మందం అడగండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది: 22 గేజ్ సుమారు 0.7 మిల్లీమీటర్లు, 20 గేజ్ సుమారు 0.9. షాపువాడు 20 అన్నాడని నమ్మి ఊరుకోకుండా, తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. లోపలికి వెళ్లి టప్‌మని వెనక్కొస్తే పలచన రేకు. ఒకే సైజు బీరువాలు రెండు పక్కపక్కన ఉంటే బరువెంతో అడగండి, ఎక్కువ తూగేదాంట్లో ఇనుము ఎక్కువ, అంతకన్నా లెక్కేం లేదు. తర్వాత తాళం తిప్పి చూడండి, హ్యాండిల్ తిప్పగానే పైకీ కిందకీ పక్కకీ మూడు వైపులా కడ్డీలు వెళ్లాలి. ఒక్క పక్కకే వెళ్తే అది పేరుకే తాళం.

రంగు విషయంలో పౌడర్ కోటింగ్ అడగండి. మామూలు స్ప్రే పెయింట్ గోరుతో గీస్తే లేస్తుంది, అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు గాలికి ఇది మరీ ముఖ్యం, అక్కడ అతుకుల దగ్గర ఏడాదికోసారి చూసుకుని రంగు లేచిన చోట టచప్ చేసుకోవాలి. ఏ ఊళ్లో అయినా తుప్పు ముందు పట్టేది కాళ్లకే, రోజూ తడిగుడ్డ పెట్టేటప్పుడు ఆ నీళ్లు కాళ్ల కిందికి చేరి అక్కడే ఉండిపోతాయి. నాలుగు కాళ్ల కింద నాలుగు గ్రానైట్ ముక్కలు పెడితే సరి, మార్బుల్ షాపులో విరిగిన ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. అవే ముక్కలతో లెవెల్ కూడా చూసుకోవచ్చు. బీరువా తలుపు సరిగ్గా పడట్లేదని మెకానిక్‌ని పిలిచే ముందు ఒక కాలు కింద చిన్న అట్టముక్క పెట్టి చూడండి, చాలాసార్లు నేల ఎత్తుపల్లమే కారణం.

ప్లైవుడ్ చేయిస్తే

చూడముచ్చటగా ఉండేది ఇదే, డబ్బు వృథా అయ్యేదీ ఇదే. వడ్రంగులూ ఇంటీరియర్ వాళ్లూ చదరపు అడుగు లెక్కన చెప్తారు, అదీ ముందు నుంచి కనపడే ముఖం కొలత. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అంటే 42 చదరపు అడుగులు. అడుగుకి 1,500 అన్నారనుకోండి, 63,000 అయింది. అక్కడితో ఆగదు. సొరుగులు వేరే, తాళాలు వేరే, మెల్లగా మూసుకునే కబ్జాలు వేరే, సజ్జ తలుపులు వేరే లెక్క, అద్దం పెడితే అదొకటి. కాబట్టి రేటు అడగ్గానే సంబరపడకుండా ఆ రేటులో ఏమేం వస్తాయో కాగితం మీద రాయించుకోండి: పెట్టె ఎన్ని మిల్లీమీటర్ల ప్లై, వెనక చెక్క ఎంత, లోపల సన్మైకా ఉందా లేక రంగు కొట్టి వదిలేస్తారా, సొరుగులెన్ని, కబ్జాలూ స్లైడర్లూ ఏ కంపెనీవి.

పెట్టెకీ అరలకీ 18 మిల్లీమీటర్లకి తక్కువ వద్దు. అర పొడవు రెండున్నర అడుగులు దాటనివ్వద్దు, దాటితే మధ్యలో నిలువు చెక్క రావాలి, లేకపోతే చీరల బరువుకి నడుం వంగుతుంది. వెనక చెక్క 6 వేస్తామంటారు, చెమ్మ లేని గోడకి పర్లేదు, వీలైతే 9 అడగండి. మెరైన్ ప్లై మీద ఐఎస్ 710 అనీ, మామూలు ప్లై మీద ఐఎస్ 303 అనీ ముద్ర ఉంటుంది. బట్టల బీరువాకి పొడి గదిలో 303 సరిపోతుంది, బాత్‌రూం గోడ పక్క అయితేనే 710. వంటింటికి వాడే ప్లైనే బెడ్‌రూంకీ వాడాలని పట్టుబట్టి బిల్లు పెంచేవాళ్లు ఉంటారు, ఆ డబ్బుతో మంచి కబ్జాలు కొనుక్కోండి. కబ్జా తెగితే తలుపే ఊడుతుంది, రోజూ పదిసార్లు తెరిచేది అదే కదా.

తెలంగాణలో, రాయలసీమలో చెదల భయం ఎక్కువ ఉన్న నేలలు చాలా ఉన్నాయి. పెట్టె అడుగు భాగం నేరుగా నేల మీద కూర్చోకూడదు. నాలుగంగుళాల ఎత్తు కట్టు కట్టించి దానిమీద కడప బండ పరిచి ఆపైన పెట్టె పెట్టిస్తే తుడిచేటప్పుడు నీళ్లూ తగలవు, చెదలొస్తే మట్టిగీత బయటే కనపడుతుంది. బిగించే ముందు గోడ మూలలో, నేలా గోడా కలిసే సందులో చెదల మందు కొట్టించండి, బిగించాక ఇక ఆ సందు దొరకదు.

జారుడు తలుపులా, రెక్క తలుపులా అని ఇంకో చర్చ. పదడుగుల గదిలో ఐదడుగుల మంచం ఒక గోడకీ, రెండడుగుల బీరువా ఎదురు గోడకీ పెడితే మధ్యలో మూడడుగులు మిగులుతాయి. అడుగున్నర రెక్క హాయిగా తెరుచుకుంటుంది. గది తొమ్మిదడుగులైతే మధ్యలో రెండే మిగులుతాయి, అప్పుడు రెక్క తెరిచి మనిషి పక్కకి నిలబడి తీసుకోవాలి, అక్కడ జారుడు తలుపులకి అర్థం ఉంది. కానీ జారుడు తలుపు పట్టాలే మూడు నాలుగు అంగుళాల లోతు తింటాయి, ఎప్పుడు తెరిచినా సగం బీరువానే కనిపిస్తుంది, కింది పట్టాలో దుమ్ము చేరితే కీచుమంటుంది. స్థలం ఉంటే రెక్కలే.

ఇంకొక్కటి, కొత్త ప్లైవుడ్‌కి జిగురు వాసన ఉంటుంది. వెంటనే పట్టుచీరలు సర్దేయకండి, తలుపులు తీసి పెట్టి రెండు మూడు వారాలు ఆరనివ్వండి. ఈలోపు లోపల ఎక్కడైనా సన్నటి పిండి రాలుతోందేమో చూడండి. రాలితే చెక్కలో పురుగు ఉన్నట్టు, వడ్రంగికి ఆఖరి డబ్బులు ఇంకా ఇవ్వకముందే చూపించాలి. అందుకే ఆఖరి వాయిదా కొంచెం మీ దగ్గరే ఉంచుకోండి.

పెట్టెలో వచ్చి ఇంట్లో బిగించుకునేవి

2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర ఐకియా మన దేశంలో తన మొదటి దుకాణం తెరిచాక, విడి ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే బీరువాలు మనవాళ్లకి బాగా అలవాటయ్యాయి, ఆన్‌లైన్‌లోనూ ఇప్పుడు ఇలాంటివి ఎన్నో. కొలతలు కచ్చితంగా ఉంటాయి, లోపలి అమరిక బాగా ఆలోచించి చేస్తారు, వడ్రంగి కోసం నెలలు తిరగక్కర్లేదు. ఈ తరహావి చాలామటుకు చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. పొడి గదిలో, ఒక్కచోటే ఉంచితే బాగానే నడుస్తుంది. అంచునుంచి నీళ్లు చేరితే మాత్రం ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ రంధ్రాలు లూజవుతాయి, కాబట్టి రెండేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లు ఆలోచించుకోండి. పొడుగైన బీరువాని గోడకి బిగించమని క్లిప్పు ఇస్తారు, అద్దె ఇల్లు కదా అని దాన్ని పక్కన పడేయొద్దు. చిన్నపిల్లలు సొరుగులన్నీ లాగి పైకెక్కితే ముందుకి పడుతుంది. ఓనర్‌ని అడిగి ఆ ఒక్క రంధ్రం వేయించుకోండి.

రాడ్డు, దండెం, బట్ట కవరు

వెనకటి ఇళ్లలో చిలక్కొయ్యలు, దండెం, ట్రంకు పెట్టె, ఈ మూడింటితోనే సంసారాలు గడిచాయి, బట్టలూ అప్పుడు అన్నే ఉండేవి అనుకోండి. ఇప్పుడు గోడకి రాడ్డు వేసేటప్పుడు గోడేంటో తెలుసుకోవాలి. ఇటుక గోడైతే ఇటుకలో పడేలా డ్రిల్ చేయాలి, రెండు ఇటుకల మధ్య సిమెంటులో పడితే పట్టు తక్కువ. డ్రిల్ చేస్తుంటే ఎర్రపొడి బదులు తెల్లగా బూడిదలా, సులువుగా రాలుతుంటే అవి తేలికపాటి సిమెంటు బ్లాకులు, వాటికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు నిలవవు, ఆ బ్లాకుల కోసమే వచ్చే పొడుగు ప్లగ్గులు అడిగి తెచ్చుకోండి. మూడడుగుల రాడ్డు నిండా బట్టలేస్తే 15 కిలోలు తేలిగ్గా దాటుతుంది, జీన్సులుంటే ఇంకా ఎక్కువ. అంగుళం స్టెయిన్‌లెస్ పైపు మూడడుగుల దాకా వంగదు, నాలుగు దాటితే మధ్యలో ఒక పట్టు ఇవ్వాలి. మేకు కొట్టొద్దనే ఓనర్లుంటే కాళ్ల మీద నిలబడే ఇనప స్టాండు కొనుక్కోండి, లేదా వెల్డింగ్ షాపులో చేయించుకోండి. స్టాండు అడుగు భాగం వెడల్పుగా ఉండాలి, చక్రాలకి బ్రేకు ఉండాలి. కిటికీ ఎదురుగా పెట్టకండి, ఎండకి భుజాల దగ్గర రంగు వెలిసిపోతుంది, మిగతా చొక్కా కొత్తగానే ఉంటుంది, అది చూడ్డానికి ఇంకా బాధ. పైన పాత కాటన్ చీర కప్పితే దుమ్మూ బల్లుల బెడదా తగ్గుతుంది.

బట్ట కవరు బీరువా గురించి రెండు ముక్కలు. ప్లాస్టిక్ జాయింట్లు బరువుకి పగులుతాయి, జిప్పు ముందు పోతుంది, ఎలుకకి అది తలుపే కాదు. హాస్టల్లో ఏడాదికైతే సరే.

మూడో కుప్ప ఎక్కడికి

ఏడాదికోసారి తీసేవాటిని మంచం కింది పెట్టెలో, దివాన్‌లో, ట్రంకు పెట్టెలో పెట్టి సజ్జ మీదో అటక మీదో పెట్టేస్తే మీకు కావాల్సిన బీరువా సైజు సగానికి తగ్గిపోతుంది. ఈ ఒక్క పని చేశాక ప్లైవుడ్ ఆలోచనే మానుకున్న ఇళ్లున్నాయి. పట్టుచీరలు మాత్రం సజ్జ మీదికి ఎక్కించకండి, స్లాబ్ కింద వేసవి వేడికి మంచిది కాదు, పైగా కళ్లకి కనపడకపోతే ఏడాదికోసారైనా తీసి చూడం. వాటికి బీరువాలో ఒక అర కేటాయించండి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి ఒక్కో చీరని ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. జరీ ఎక్కువున్న ధర్మవరం చీరని హ్యాంగర్‌కి వేయొద్దు, దాని బరువుకి అదే సాగుతుంది. ఉప్పాడ జాందానీ లాంటి తేలిక చీర వేసినా పర్లేదు. మడిచినవాటిని మూడు నాలుగు నెలలకోసారి విప్పి మడత గీత మార్చి మళ్లీ మడవాలి, లేకపోతే ఆ గీత వెంటే జరీ చిట్లుతుంది.

పురుగుకి ఎండిన వేపాకు, లవంగాలు గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టండి. కలరా ఉండలు వేస్తే అవి జరీకి తగలకూడదు, పిల్లలకి అందకూడదు, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. పురిటి పిల్లల బట్టలూ దుప్పట్లూ ఉన్న చోట అసలే వేయొద్దు. ఆ మందు పడనివాళ్లలో రక్తకణాలు దెబ్బతిని పిల్లలకి కామెర్లు పెరుగుతాయి, పాత పెట్టెలోంచి పొత్తిగుడ్డలు తీస్తే ఉతికి ఎండలో ఆరేశాకే వాడాలి.

మరి ఎవరికేంటి? నలుగురున్న రెండు గదుల అద్దె ఇల్లయితే 20 గేజ్ బీరువా ఒకటి పెద్దవాళ్ల గదిలో, పిల్లల గదిలో కాళ్ల స్టాండు, మంచం కింద ప్లాస్టిక్ డబ్బాలు. గూళ్లున్న పాత సొంతిల్లయితే పైన చెప్పినట్టు రంగు, రాడ్డు, తలుపులు. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు గూడు లోతు 24 అంగుళాలు వదలమని మేస్త్రికి ఇప్పుడే చెప్పండి, స్లాబ్ పడ్డాక చెప్తే లాభం లేదు. అపార్ట్‌మెంట్ కొని ఏం చేయించాలో తేలకపోతే, ముందు ఒక స్టాండూ రెండు ట్రంకు పెట్టెలతో ఒక వానాకాలం గడపండి. ఏ గోడ చెమర్చేదీ, ఏ బట్టలు ఎక్కువగా వాడేదీ అప్పటికి తెలుస్తుంది, వడ్రంగిని ఆ తర్వాత పిలవొచ్చు.